గోడ మీద అతుకులు

“ఆ గోడ చూస్తుంటే సిగ్గేస్తోంది,” అన్నారాయన, గోడకేసి కాదు, నాకేసి చూస్తూ.

నేనప్పుడు ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అంటున్నది హాల్లో సోఫా వెనక గోడ గురించి. పదకొండేళ్ళుగా తలలు ఆనించి ఆనించి దాని మీద నాలుగు చోట్ల నూనె మరకలు పడ్డాయి. కిందటి వానలకి కిటికీ పక్కన పెచ్చులూడాయి. ఆ మరకల్లో నా తలది ఒక్కటీ లేదు. ఆ సోఫాలో వెనక్కి వాలి కూర్చున్న జ్ఞాపకమే లేదు నాకు. అయినా సిగ్గుపడాల్సింది నేనే అన్నట్టు చూశారు. వచ్చే నెల మొదటి ఆదివారం వాళ్ళ ఆఫీసరూ ఆయన భార్యా మా ఇంటికి టీకి వస్తున్నారట. ప్రమోషన్ల లిస్టు ఆ ఆఫీసరు చేతిలోనే ఉందట. “పెయింటర్ని పెట్టే స్తోమత ఇప్పుడు మనకి లేదు. ఉన్నదాంట్లోనే ఏదో ఒకటి చెయ్యి. నీకు ఇలాంటివి బాగా వచ్చుగా,” అన్నారు. నాకు ఏదైనా బాగా వచ్చన్న సంగతి ఆయనకి పని పడ్డప్పుడే గుర్తొస్తుంది.

మర్నాడు రంగుల కొట్టుకి వెళ్ళాను. నా వాలకం చూసి కొట్టాయన ధరల కాగితం తీయకుండా వెనక గదిలోంచి సొట్టలు పడ్డ డబ్బాలు తెచ్చాడు. “ఎవరో కలిపించుకుని, గోడ మీద చూసుకుని, వద్దని తిరిగిచ్చినవమ్మా. సగం ధరకిస్తాను,” అన్నాడు. ఒకటి మరీ పసుపు, ఒకటి బూడిద రంగు, మిగతావి తెలుపూ కాదు, మరేదీ కాదు. అన్నీ ఒకే పెద్ద బకెట్లో కలిపేసుకోమన్నాడు, విడివిడిగా కలిపితే రెండోసారి అదే రంగు చచ్చినా రాదట. డబ్బాలు సంచిలో సర్దుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. “గోడ మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి. తడి ఆరిపోతే అక్కడ అతుకు పడుతుంది. పైన ఇంకెంత రంగు వేసినా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది.” అలాగేనన్నాను. పెళ్ళయ్యాక నేను మధ్యలో ఆపకుండా చేసిన పని ఏదైనా ఉందా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు.

పొద్దున్న ఎనిమిది నుంచి రెండింటిదాకా నేను ఒక పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. వచ్చి, వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తిని, ఆయన పాత చొక్కా ఒకటి వేసుకుని గోడ మీద పడేదాన్ని. మొద్దుబారిన చాకుతో పెచ్చులు గీకడం, గుంటల్లో లప్పం నింపడం, అది ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం. రంగు వేయడం ఆఖరి పనేనని, అసలు పనంతా ఎవరికీ కనిపించని ఆ రుద్దడంలోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి నవ్వొచ్చింది కూడా, ఇదేదో నాకు అలవాటున్న వ్యవహారమేనని. తల నిండా తెల్లటి దుమ్ము. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. “అబ్బా, వాసనమ్మా! నేను చదువుకోవద్దా?” అని చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది.

క్లినిక్‌లో డాక్టరు గారు ఒకరోజు రోగుల ముందే అన్నారు. “మేడమ్, ఆ చేతులు కాస్త చూసుకోండి. కౌంటర్లో కూర్చునేది మీరే కదా.” చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ లప్పం, మణికట్టు మీద రంగు చారలు. ఏమైందని అడగలేదాయన. అడిగితే చెబుదామని రెండు మూడు వాక్యాలు మనసులో సిద్ధం చేసుకుని మరీ కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా చేతులు కౌంటరు కిందే పెట్టుకున్నాను.

హాలు గోడ మొదలుపెట్టిన రోజున, కిటికీ వైపు నుంచి సోఫా దాకా రోలరు బాగానే నడిచింది. అప్పుడు అత్తయ్య పిలిచింది. “అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?” నేను పెట్టలేదు. చేతులు కడుక్కుని వెళ్ళి చూస్తే ఆవిడ దిండు కిందే ఉంది. తిరిగొచ్చేసరికి గోడ మీద తడి అంచు ఆరిపోయింది. దాని పక్కనుంచి మళ్ళీ అందుకుని బారెడు దూరం పోయానో లేదో, లోపల్నుంచి మా అమ్మాయి, “అమ్మా, నా ఛార్జర్!” అని కేక. ఆ తర్వాత ఆఫీసు నుంచి ఆయన ఫోను. “ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, టేబుల్ మీద బ్యాంకు కవరు ఉందేమో చూడు.” నేను నిచ్చెన మీద, ఒక చేతిలో రోలరు, ఇంకో చేతిలో ఫోను, ఖాళీగానే ఉన్నాను. కవరు ఆయన బ్యాగులోనే ఉందని సాయంత్రం తేలింది. రంగు ఆరాక చూస్తే గోడ మీద పై నుంచి కింద దాకా మూడు గీతలు. కళ్ళజోడు గీత, ఛార్జరు గీత, కవరు గీత. రెండోసారి రంగు వేశాను. కొట్టాయన చెప్పినట్టే అవి పోలేదు.

ఆ వారంలోనే అత్తయ్య రెండు రోజులు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. అమ్మాయికి పరీక్షలు, సాయంత్రం దాకా కాలేజీలోనే. ఫోను తీసి బియ్యం డబ్బాలో పడేశాను. బకెట్లో రంగు ఇంకా మిగిలింది. పడగ్గదిలో మంచాన్ని ఒక్కదాన్నే కాళ్ళతో తన్ని, నడుంతో నెట్టి మధ్యకి జరిపాను. ముందు బ్రష్షుతో గోడ అంచులు, తర్వాత రోలరు. ఎవరూ పిలవలేదు. మొదట్లో ఎవరో పిలిచినట్టే అనిపించి రెండుసార్లు చెయ్యి ఆపాను కూడా. తర్వాత ఆ భ్రమ కూడా పోయింది. ఒక మూల నుంచి రెండో మూల దాకా, ఒకే ఊపులో, ఒక్క గీత లేకుండా గోడ మొత్తం వచ్చింది. పసుపూ బూడిదా కలిసి ఏదో లేత రంగు తేలింది. కిటికీలోంచి ఎండ పడితే గది కాస్త పెద్దదైనట్టు అనిపించింది. మంచం మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను. ఎవరికైనా చూపించాలనిపించింది. డబ్బాలోంచి ఫోను తీసి, అందులో పేర్లన్నీ కిందికీ పైకీ జరిపాను. గోడ బాగా వచ్చిందని చెప్పడానికి ఫోన్ చేయగలిగిన మనిషి ఒక్కరూ లేరు. ఇంటినిండా మనుషులున్న దాన్ని నేను. అప్పుడు ఏడుపొచ్చింది. రంగు చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు కదా, అందుకని దాన్ని అలాగే కారనిచ్చాను.

సాయంత్రం ఆయన వచ్చి ఆ గదిలోనే చొక్కా మార్చుకున్నారు. ఆ గోడకే కొట్టిన కొక్కేనికి చొక్కా తగిలించారు. నేను గుమ్మంలో నిలబడ్డాను, ఏమంటారోనని. “వాసన ఇంకా పోలేదే, కిటికీలు తెరవలేదా?” అన్నారు.

ఆ ఆదివారం రానే వచ్చింది. పాత దుప్పట్లు కత్తిరించి కుట్టిన కర్టెన్లు కట్టాను. సోఫా కవర్లని తిరగేసి వేశాను. ఆఫీసరు భార్య నాకంటే కాస్త పెద్దావిడ. వచ్చినప్పటి నుంచి గోడలకేసి చూస్తూనే ఉంది. చేతులు కడుక్కోవడానికి పడగ్గది వైపు వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చింది. “లోపలి గది గోడకి ఎవరండీ రంగు వేసింది? ఒక్క అతుకు లేదు. మా ఇంట్లో ఇద్దరు పెయింటర్లని మార్చాం, ఇంత నీటుగా ఎవరూ వేయలేదు,” అంది.

నేను టీ ట్రే పట్టుకుని ఉన్నాను. ఆయన నాకేసి చూశారు. నిజమే, చూశారు. ఒక్క క్షణం పాటు, ఇప్పుడు చెబుతారనుకున్నాను.

“మాకు తెలిసిన పెయింటరండీ,” అన్నారాయన. “కాస్త ఎక్కువే తీసుకుంటాడు, కానీ పనికి వంక పెట్టక్కర్లేదు.”

అత్తయ్య ఊరుకుంటుందా! “రెండు వారాలు చేశాడమ్మా. వాడికి టీలు ఇవ్వలేక చచ్చామనుకో,” అంది, కళ్ళజోడు సర్దుకుంటూ. ఎంత నమ్మకంగా అందంటే, ఆ టీలు కూడా నేనే ఇచ్చి ఉంటానని ఒక్క నిమిషం నాకే అనిపించింది. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ తల దించుకుంది.

ఆయనకి ఊపొచ్చింది. లేచి సోఫా వెనకకి వెళ్ళి, ఆ మూడు గీతల మీద వేలు పెట్టి ఆఫీసరు గారికి చూపించారు. “ఇక్కడ మాత్రం అశ్రద్ధ చేశాడు సార్. మధ్యమధ్యలో వదిలేసి పోయాడు. పనివాళ్ళంతే, మనం వెనకాల నిలబడకపోతే చెయ్యరు.” ఆఫీసరు గారు నిజమే నిజమేనన్నారు. నేను ట్రే బల్ల మీద పెట్టాను.

“ఆ పెయింటర్ నంబరు ఇస్తారా?” అంది ఆవిడ. ఆయన మొహంలో రంగు మారింది. వాడు ఊళ్ళో ఉన్నాడో లేడో, నంబరు మార్చాడేమో అంటూ నసుగుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి బిస్కెట్ ప్యాకెట్ అట్ట చింపి, దాని మీద పది అంకెలు రాశాను. పైన ‘పెయింటర్’ అని రాశాను. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక ఆయన సోఫాలో వెనక్కి వాలి, కొత్త రంగుకి తల ఆనించి నవ్వారు. “ఏదో ఒక నంబరు రాసిచ్చి భలే తప్పించావు. నీకూ బుర్ర ఉందే!” మెచ్చుకోలు చాలా రోజులకి దొరికింది. నేను కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయాను.

ఆ తర్వాత రెండు రోజులు ఫోను మోగినప్పుడల్లా ముందు నంబరు చూసుకున్నాను. ఆవిడ చేస్తే ఆయన అబద్ధం బయటపడుతుంది. ప్రమోషను పోతే ఆ తప్పు జన్మంతా నా నెత్తినే ఉంటుంది. రాంగ్ నంబరని పెట్టేయొచ్చు. అసలు ఎత్తకుండానే ఊరుకోవచ్చు. ఆవిడ ఆ అట్టముక్క ఎక్కడో పారేసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకున్న ప్రతిసారీ, నిజంగా పారేసిందేమోనని దిగులు వేసింది.

మంగళవారం పొద్దున్న ఆయన బూట్లు వేసుకుంటుండగా వచ్చింది. తెలియని నంబరు.

“హలో, పెయింటర్ గారేనాండీ? మొన్న ఆదివారం ఒకళ్ళింట్లో మీ పని చూశాను.”

“ఎవరు?” అన్నారాయన, లేసు ముడి వేస్తూ.

“అవునండీ, పెయింటర్నే మాట్లాడుతున్నాను,” అన్నాను. “మీరు చూసింది నా పనే. మీకు టీ ఇచ్చింది కూడా నేనే.”

ఆయన చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. కింద వీధిలో ఎవరిదో బండి స్టార్టవలేక మూలుగుతోంది. తర్వాత ఆవిడ, మామూలు గొంతుతోనే, “మా పడగ్గదికి ఎన్నాళ్ళు పడుతుందండీ?” అని అడిగింది.

హాల్లోంచి అత్తయ్య “అమ్మాయ్!” అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆయన లేచి నిలబడి, ఫోను పెట్టెయ్యమని చేత్తో సైగ చేస్తున్నారు. నేను కిటికీ వైపు తిరిగాను.

“గోడకి ఒక పూట చాలండీ,” అన్నాను. “ఒక్కటే షరతు. మొదలుపెట్టిన గోడ పూర్తయ్యేదాకా నన్ను ఎవరూ పిలవకూడదు.”