డాక్టరమ్మ కారు నీలం పొగ

నాకు కోపం ఎక్కువ. తెనాలిలో నా షెడ్డుకి వచ్చే వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. బండి తెచ్చినవాడు "ఏదో చప్పుడొస్తోంది జకరయ్యా" అంటే ఊరుకోను. ఏ చప్పుడు, ఎక్కడ, నువ్వేం చేస్తుంటే వచ్చింది అని నిలదీస్తాను. చెప్పలేకపోతే తెలుసుకుని రమ్మని పంపిస్తాను. ఇలా నిలదీయడం నాకు పని నేర్పిన మేస్త్రీ దగ్గర నేర్చుకున్నది కాదు. రేపల్లె డాక్టరు కనకలక్ష్మిగారి దగ్గర నేర్చుకున్నాను.

ఆవిడ పురుళ్ళ డాక్టరు. గట్టిగా అయిదడుగులు కూడా ఉండేవారు కాదు. కృష్ణ ఒడ్డున ఏ లంకలో ఎవరికి నొప్పులొస్తున్నాయన్నా తన పాత విలాయతీ కారు తనే తోలుకుంటూ వెళ్ళేవారు. మీటరు లక్ష మైళ్ళు దాటేసి మళ్ళీ సున్నా నుంచి మొదలైన బండి అది. అరవై ఆరులో అనుకుంటాను, ఒకసారి కారు నా షెడ్డులో పెట్టి "పొద్దున్నే పొగొస్తోందయ్యా" అన్నారు. నేను వెంటనే బానెట్టు ఎత్తబోయాను.

"ఆగాగు. అప్పుడే కోసేస్తావేంటి? ముందు అడగాలిగా! ఏ రంగు? ఎప్పుడు? ఎంతసేపు? ఈ మూడూ తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే" అన్నారు.

నవ్వాను గానీ, ఆ రోజు నుంచి ఆ మూడు ప్రశ్నలూ నావయిపోయాయి. ఆ పొగ అప్పటికి తగ్గించి పంపాను. నల్లపొగైతే బండి పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్లోకి నీళ్ళు దిగుతున్నాయి. నీలం పొగైతే ఆయిలు కాలుతోంది. ఆ తరవాత ఎప్పుడొచ్చినా ఆవిడ గేటు దగ్గరే హారన్ కొట్టి, "జకరయ్యా, ఇవాళ ఏ రంగు?" అని కేకేసేవారు. నా పెద్దపిల్ల భూమ్మీద పడింది కూడా ఆవిడ చేతుల్లోనే.

డెబ్బై రెండు వేసవిలో ఆవిడ పోయారు. మూడు రోజుల జ్వరం, అంతే. ఇంతమందిని బతికించిన మనిషి మూడు రోజుల జ్వరానికి పోవడమేంటో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పట్నుంచీ షెడ్డు గేటు దగ్గర ఏ హారన్ మోగినా చేతిలో పని వదిలేసి తల తిప్పేవాణ్ణి.

ఏడాది దాటాక ఆవిడ భర్త దక్షిణామూర్తి మాస్టారి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. తెలుగు పండితుడాయన, కారు గురించి రాసినా గ్రాంథికమే. "మన కారు ఉదయమున మిక్కుటముగా పొగ విడుచుచున్నది. నీవు వచ్చి, అది బ్రతుకునో బ్రతుకదో చెప్పి పోవలెను" అని రాశారు.

మర్నాడే పాసింజరెక్కి, తొమ్మిదింటికల్లా రేపల్లెలో వాళ్ళ వాకిట్లో దిగాను. కారు పందిరి కింద తళతళలాడుతోంది. పొగగొట్టం కూడా చింతపండుతో తోమిన చెంబులా మెరుస్తోంది. స్టార్టు చేసి చూస్తే పొగ జాడే లేదు. బానెట్టు మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది.

"మాస్టారూ, పొద్దున్న స్టార్టు చేశారాండి?"

"ఆరింటికే చేశాను. నువ్వొచ్చేసరికి పొగంతా పోవాలని బాగా తిప్పి, కడిగి ఉంచా. ఇంటికొచ్చిన మనిషికి అలా చూపిస్తే ఏం బావుంటుంది?" అన్నారాయన అమాయకంగా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పెళ్ళిచూపులా ఏంటండీ ముస్తాబు చేసి చూపించడానికి! జ్వరం తగ్గించేసి డాక్టర్ని పిలిస్తే ఆ డాక్టరేం చూస్తాడు? రాత్రంతా నిలబడి చల్లారిన బండి నాకు కావాలి. మొట్టమొదటి స్టార్టు నా కళ్ళముందు కావాలి. రేపొస్తాను. నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అని అరిచి, ఆయనిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ఆ ఇంట్లో నాకు కాఫీ ఇంట్లోవాళ్ళు తాగే లోపలి గ్లాసులోనే ఇవ్వాలన్నది డాక్టరమ్మ పెట్టిన నియమం. మాస్టారు దాన్ని తప్పలేదు.

మర్నాడు చీకటితో బయల్దేరి ఆరున్నరకల్లా వెళ్ళాను. వరండాలో ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. బాపట్ల నుంచి వచ్చిన డాక్టరమ్మ తమ్ముడు రంగనాయకులుగారు. కారంచేడు నుంచి ఎవరో కారు కొనేవాడు మధ్యాహ్నం వస్తున్నాడట.

"వాడు విప్పదీసి సామాను కింద అమ్ముకుంటాడు జకరయ్యా, ఆ ముక్కలైనా ఎక్కడో తిరుగుతాయి. అక్క బండి ఇలా ఒక్కచోటే పడి ఉండి తుప్పు పట్టడం నేను చూడలేకపోతున్నా. బావగారేమో వినరు" అన్నారాయన. పాపం, ఆయన మాటలోనూ దుర్బుద్ధేం లేదు.

మాస్టారు నా వైపు చూసి అన్నారు. "బండి పోయిందని జకరయ్య అంటే ఇచ్చేస్తాను. బతుకుతుందంటే ఇవ్వను. అదీ మా ఒప్పందం."

ఇంత బరువు నా మాట మీద పెడతారనుకోలేదు.

నేను పొగగొట్టం దగ్గర నిలబడ్డాను. మాస్టారు కార్లో కూర్చుని స్టార్టు చేశారు. డ్రైవింగు ఆయనకి రాదు. స్టార్టు చేసి ఆపడం వరకే డాక్టరమ్మ నేర్పారు. రోజూ ఆరింటికి, ఆవిడ బయల్దేరే వేళకి, స్టార్టు చేసి ఒక అష్టోత్తరం చదివినంతసేపు ఉంచి ఆపేస్తారట. ఇంజను అందుకోగానే పొగ వచ్చింది. అలాంటి ఇలాంటి పొగ కాదు. నీలంగా, చిక్కగా, వాకిలంతా కమ్మేసింది. ఎదురింటావిడ కిటికీ మూసుకుంది. అయిదు నిమిషాలైనా ఆగలేదు.

పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగిపోతే ఇలాగే ఉంటుంది. ఈ వయసు బండికి రింగులు పోతే సిలిండర్లు కూడా పోయినట్టే. "పోయిందండి" అనేశాను.

మాస్టారు ఇంజను ఆపారు. స్టీరింగు మీద నుంచి చేతులు మాత్రం తియ్యలేదు.

అప్పుడు, ఏం చెప్పను, ఆ గొంతు నా చెవి పక్కనే వినిపించినట్టయింది. "అప్పుడే కోసేస్తావేంటి? ముందు అడగాలిగా!" ఛీ, నేనేం మెకానిక్కుని? రంగు చూశాను, ఎప్పుడో చూశాను, ఎంతసేపో చూశాను. ఎందుకో అడగలేదు. బానెట్టు ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగాను. గీత దగ్గర ఉండాల్సిన ఆయిలు పుల్లకి సగం పైదాకా అంటుకుని ఉంది!

"దీన్లో ఆయిలు ఎవరు పోశారండి?"

"నేనే" అన్నారు మాస్టారు. "ప్రతి శుక్రవారం సాయంత్రం ఆవిడ ఫొటో దగ్గర దీపంలో నూనె పోస్తాను కదా. అది అవగానే ఇక్కడికొచ్చి దీన్లో కూడా ఒక గరిటెడు. ఆవిడ కొని ఉంచిన డబ్బాలోదే. ఆస్పత్రికి వెళ్ళేముందు 'కార్లో ఆయిలు తగ్గనివ్వకండి' అని చెప్పింది."

"దీపమేంటండీ, ఇంజనేంటండీ! ఏడాది నుంచీ వారానికో గరిటా? ఎంతుందో చూడాలని కూడా తెలీదా? ఇంత చదువుకున్నారు, పుల్ల లాగి చూడ్డం రాదా?" నోటికొచ్చినట్టు అరిచేశాను.

ఆయన మెల్లిగా అన్నారు. "నేను పోసిందే దానికి జబ్బయిందా, జకరయ్యా?"

పక్కనే ఉన్న బకెట్టు లాక్కుని కారు కింద దూరాను.

ఎక్కువైన ఆయిలు బకెట్లోకి దింపాను. ఇంజను మళ్ళీ తిప్పించి, ఆయిలు పోసే మూత విప్పి అరచెయ్యి అడ్డం పెట్టాను. రింగులు పోయిన ఇంజనైతే అక్కణ్ణుంచి గుప్పుగుప్పున ఊపిరి కొడుతుంది. ఇది కొట్టలేదు. ఆశ పుట్టింది గానీ, ఒకసారి తప్పు చెప్పిన నోటితో ఇంకోసారి తప్పు చెప్పదల్చుకోలేదు. "దీన్ని తెనాలి దాకా నడిపిస్తేగానీ ఖాయంగా చెప్పలేనండి" అని, మాస్టారు దిగగానే నేనెక్కబోయాను.

ఎక్కలేకపోయాను. సీటు పూర్తిగా ముందుకి జరిపి ఉంది. డాక్టరమ్మ కుట్టుకున్న చిన్న దిండు కూడా వెనక అలాగే ఉంది. నా పొట్ట స్టీరింగుకి తట్టుకుంది. సీటు వెనక్కి జరపడానికి కింద మీట కోసం చెయ్యి పెట్టాను.

"అది జరపకు!" మాస్టారు ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడి ఎరగరు. ఆ తరవాత ఆయనకే సిగ్గేసినట్టుంది. "ఆవిడ సర్దుకున్నది... అలాగే ఉండనీ" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. మాస్టారు ఆరడుగుల మనిషి. ఏడాది పైగా రోజూ పొద్దున్నే ఆ సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని స్టార్టు చేస్తున్నారన్నమాట. పెళ్ళాం కూర్చున్న చోటు వేలెడు కూడా జరక్కూడదని! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

"ఇలా ఎట్లా తోలతావయ్యా, తెనాలి ఇరవై మైళ్ళుంది" అన్నారు రంగనాయకులుగారు.

"తోలతానండి" అన్నాను.

తోలాను. మాస్టారు ఆవిడ తోలే రోజుల్లోలాగే పక్కసీట్లో కూర్చున్నారు. బ్రేకు నొక్కినప్పుడల్లా మోకాలి చిప్ప స్టీరింగుకి కొట్టుకుని నాకు చుక్కలు కనిపించాయి. వేమూరు దగ్గర రైలు గేటు పడింది. ఇంజను ఆపకుండా పది నిమిషాలు నిలబెట్టాను. గేటు లేవగానే యాక్సిలేటరు తొక్కి, అద్దంలో వెనక్కి చూశాను. నీలం పొగ ఒక్క గుప్పు వచ్చింది. నాలుగు బారలు వెళ్ళేసరికి పోయింది. ఆ తరవాత తెనాలి దాకా చుక్క పొగ లేదు.

"మాస్టారూ! రింగులు కాదండీ! వాల్వులు కదిలే సందులు అరిగాయి, అంతే. బండి ఊరికే నిలబడ్డప్పుడు ఆయిలు బొట్టుబొట్టుగా లోపలికి దిగుతుంది. కదలగానే అది కాలిపోయి పొగొస్తుంది. మీ గరిటె ఆయిలు తోడయ్యేసరికి అంత రాద్ధాంతం చేసింది. బతుకుతుందండి! నేను బాగుచేస్తా!"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ తరవాత అడిగారు. "పొగ పూర్తిగా పోతుందా?"

"పోతుందండి."

"ఆవిడ బయల్దేరినప్పుడు ఆ పొగ కాస్త వరండాలోకి వచ్చేది. అది విడిపోయేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయేది. కాసేపు ఆ వాసనుండేది." కండువా మళ్ళీ భుజాన వేసుకున్నారు. "కానీ పేషెంట్ల ముందు ఈ పొగేంటని తిట్టుకునేది. బాగుచెయ్యి."

పదిరోజులు పట్టింది. బాగయ్యాక మాస్టారు ముందురోజే తెనాలి వచ్చి, తెల్లవారగానే షెడ్డులో కారు వెనకాల నిలబడ్డారు. చల్లారిన ఇంజను స్టార్టు చేశాను. పొగ రాలేదు. ఆయన అక్కడే నిలబడి చూస్తూ ఉన్నారు. నేను వచ్చి "లేదండి" అన్నాక గానీ కదల్లేదు.

రేపల్లె తీసుకెళ్ళడానికి మళ్ళీ ఆ సీట్లోకి దూరబోతుంటే మాస్టారు ఆపారు. వంగి, కింద మీట తనే పట్టుకుని, సీటు వెనక్కి జరిపారు. టక్, టక్, టక్ మంది.

"మూడు గాట్లు. గుర్తుంటుందిగా? నీ మోకాళ్ళు ఇంకా వాచే ఉన్నాయి, నేను చూస్తున్నా. ఈ బండిని ఇక నువ్వే తిప్పాలి. నెలకోసారి వచ్చి, ఆవిడ వెళ్ళే లంకల దారిలో నన్ను తీసుకెళ్ళు. కారంచేడు వాడికి ఇక రావద్దని ఆ రోజే కబురు పంపించేశా."

రేపల్లె చేరాక కారు పందిరి కింద పెట్టి దిగాను. ఆయన చెప్పకముందే వంగి మీట పట్టుకున్నాను. పక్కకి చూస్తే ఆయన కూడా అవతలి తలుపు దగ్గర వంగి, అదే సీటు అటు అంచు పట్టుకుని ఉన్నారు. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం పైకే లెక్కపెడుతూ సీటు ముందుకి జరిపాం.