సైదమ్మ నడక

మూడు ఏఐ యాప్‌లలో ఒకదాన్ని తేల్చుకోవడానికి నాకు శనివారం సాయంత్రం దాకా గడువు. నేను ఊరి బడిలో పాఠాలు చెబుతాను, కథలు రాస్తాను. హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలు వేసే ప్రేమ్‌సాగర్ గారు నా కథ తీసుకున్నారు, నేను యాప్‌తో చేయించిన బొమ్మల్ని మాత్రం తిప్పి పంపారు. "రమగారూ, పన్నెండు పేజీల్లో పన్నెండుమంది ఆడవాళ్లున్నారు. వీళ్లలో మీ సైదమ్మ ఎవరు?" అన్నారు. ఒళ్లు మండింది గానీ ఆయన అన్నది నిజమే. ఈసారీ కుదరకపోతే బొమ్మలు వేరేవాళ్లకు అప్పగిస్తారట. నా మొదటి పుస్తకంలో నా సైదమ్మను ఇంకెవరో తయారుచేయడమా? చస్తే ఒప్పుకోను.

సైదమ్మ మేకలు కాసే ముసలావిడ. ఊళ్లో ఎవరి వస్తువు పోయినా వెతికిపెడుతుంది. ఆమెకు మా అమ్మ కౌసల్య రూపం ఇద్దామనుకున్నాను. అమ్మవి నాలుగు ఫోటోలు తీసి మూడు యాప్‌లకూ ఇచ్చి, అన్నిటికీ ఒకే మాట రాసి బొమ్మలడిగాను.

శనివారం పొద్దున కేతేపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ బొమ్మల్ని నాయినకు చూపించాను. నాయిన బాలయ్య నలభై ఏళ్లు పశువుల అంగళ్లలో ఎడ్ల బేరాలు కుదిర్చిన మనిషి. మొదటి యాప్ వేసిన ముఖం నాకు తెగ నచ్చింది. అమ్మ నిగనిగలాడుతోంది, ముక్కుపుడక కూడా మెరుస్తోంది.

"మంచిగున్నదా నాయినా?"

"మొఖం మంచిగనే ఉన్నది. మొఖం ఒక్కటే జూసి నేనెన్నడన్న ఎద్దును కొనిచ్చిన్నా బిడ్డా? నడిపియ్యి. పక్కకు తిప్పు. ఎనకనుంచి జూపెట్టు."

"నన్ను అంగట్ల నిలవెట్టిన్రా తండ్రీబిడ్డలు?" అని అమ్మ లోపలినుంచి అంది.

ప్రేమ్‌సాగర్ గారు కూడా నాకింత తేలిగ్గా చెప్పలేకపోయారు. మూడింటినీ వరసగా నడిపించాను. మొదటిదాన్ని పక్కనుంచి అడిగేసరికి అమ్మకు ఇరవై ఏళ్లు తగ్గాయి. వెనకనుంచి అడిగితే పూలజడ వేసుకుని ఎవరో పెళ్లికూతురు పోతోంది. "ఇది వద్దు, తోలెయ్" అన్నాడు నాయిన. రెండోది మేకల్ని ముద్దుగా వేసింది, మనిషినే మార్చేసింది.

మూడోది మొద్దుది. రంగులు వెలిసినట్టుంటాయి, ఒక్కో బొమ్మకు గంట పట్టినట్టు ఆలోచిస్తుంది. కానీ ముందునుంచి, పక్కనుంచి, కూర్చోబెట్టి చూసినా అదే అమ్మ. ముక్కు అదే, కొంగు నడుముకు చెక్కుకున్న తీరూ అదే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది వెనకనుంచి. నెత్తిన గడ్డిమోపుతో సైదమ్మ నడిచిపోతున్న బొమ్మ వచ్చింది. ఆమె ఎడమవైపుకు ఒరిగి ఉంది.

నాయిన కళ్లు చిట్లించాడు. "గిది కుంటుతాంది. కుడికాలు మీద బరువు ఏస్తలేదు. ఐబున్నది దీంట్ల." పశువులో లోపాన్ని నాయిన ఐబు అంటాడు.

మాటలు మార్చి ఇంకో రెండుసార్లు అడిగాను. మూడుసార్లూ ఎడమకే ఒరిగింది. ఈ దిక్కుమాలినదాన్ని నమ్ముకున్నానే అని ఏడుపొచ్చింది.

"అసలు అమ్మ నడక ఎట్లుంటది నాయినా?"

"నాకేమెర్క? నేను ముందల పోత. మీ అమ్మ ఎనకొస్తది."

అప్పుడే అమ్మ బర్రెకు గడ్డి కోయడానికి కొడవలి పట్టుకుని బయటికొచ్చింది. నాయిన నా ఫోన్ తీసుకుని లేచాడు. "ఇయ్యాల నువ్వు ముందల నడువు."

"ఏంది ఈ కొత్త ఏశాలు?" అని నవ్వుతూ అమ్మ వాకిలి దాటింది. నేనూ వెంటబడ్డాను. నాయిన ఒకసారి ఫోన్‌ను, ఒకసారి అమ్మను చూస్తూ నడిచాడు. సందు సగానికి వచ్చేసరికి ఫోన్ చూడడం మానేశాడు.

అమ్మ అడుగడుక్కీ ఎడమవైపుకు ఒరుగుతోంది. నేనిచ్చిన ఫోటోల్లో ఒకటి పత్తిచేలో వెనకనుంచి తీసినది. తీసింది నేనే. అందులోనూ అమ్మ ఇలాగే ఒరిగి ఉంది. యాప్ చూసింది, నేను చూడలేదు.

"ఏమే, జర ఆగు" అన్నాడు నాయిన. "కాలు ఎన్నొద్దుల సంది నొస్తాంది?"

"మూడేండ్లాయె. నడుస్తుంటె గదే సర్దుకుంటది."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి." అమ్మ దెప్పలేదు, మామూలుగానే అంది.

"అంగట్ల నూరు గజాల దూరంకెల్లి కుంటెద్దును పట్టేటోన్ని" అని నాయిన నాతో అన్నాడు. నాకు ఆయనకంటే ఎక్కువ సిగ్గేసింది. నాయిన అమ్మ చేతిలోని కొడవలి తీసుకుని, "గడ్డి నేను కోస్త. సోమారం నకిరేకల్ దవాఖానకు పోదం" అన్నాడు.

సాయంత్రంలోగా మూడో యాప్‌తోనే పన్నెండు బొమ్మలూ చేయించి పంపాను. ఆ నడకను అలాగే ఉంచాను. ప్రేమ్‌సాగర్ గారు ఫోన్ చేసి, "ఇప్పుడు అన్ని పేజీల్లోనూ ఒక్కావిడే ఉంది. ఈమెను వెనకనుంచైనా గుర్తుపట్టొచ్చు" అన్నారు. పుస్తకం ఖాయమైంది. ఆ రోజు నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సోమవారం బస్సుకు బయల్దేరినప్పుడు నాయిన అలవాటు కొద్దీ నాలుగడుగులు ముందుకు పోయి నిలబడ్డాడు. అమ్మ తనను దాటాక వెనకే నడిచాడు. కొంతదూరం పోయాక అమ్మ తిరిగి చూసింది.

"ఎనకనుంచి గట్ల జూడకు, నాకు నడక వస్తలేదు. పక్కకు రా."

నాయిన పక్కకు వెళ్లాడు.