నాలుగింటి దాకా కూర్చుంటాం

మిల్లు సంక్షేమ నిధి ఆఫీసు నుంచి వచ్చిన కాగితాన్ని మూడుసార్లు చదివాను. "రోగిది ప్రశాంత స్వభావం. భార్య సమర్థంగా చూసుకుంటున్నారు. సహాయకుడి అవసరం లేదు." కింద ముద్ర, సంతకం. ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరిని తిట్టను? తప్పు నాదే.

మా ఆయన మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు క్రేను నడిపారు. ఆరేళ్ళ కిందట మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు మర్చిపోయారు, తర్వాత దారులు, ఆ తర్వాత నన్ను. పొద్దున్నంతా బాగానే ఉంటారు. సాయంత్రం నాలుగయ్యేసరికి షిఫ్టు దిగే టైము అనుకుంటారో ఏమో, ఇంటికి పోవాలని లేస్తారు. ఇంట్లోనే ఉన్నామని చెబితే కోపం. తలుపుకి అడ్డం నిలబడితే చెయ్యి లేస్తుంది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో నన్ను పల్లెత్తు మాట అనని మనిషి! ఆ కోపం ఆయనది కాదు, జబ్బుది అంటాడు డాక్టరు. కావచ్చు. దెబ్బ మాత్రం నాకే తగులుతోంది.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, కోట్లకి లైనింగు వెయ్యడం. కిందటి నెల ఆయన నా కుడి మణికట్టు పట్టుకుని మెలితిప్పారు. ఇంకోసారి ఇలా జరిగితే కత్తెర సంగతి మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అందుకే నిధికి అర్జీ పెట్టాను. మూడింటి నుంచి ఏడింటి దాకా, రోజుకి నాలుగు గంటలు, కాస్త బలమున్న మనిషి ఒకడు కావాలని. అది దొరక్కపోతే ఇక మిగిలింది ఆసుపత్రిలో ఇలాంటి రోగుల్ని పెట్టి తాళం వేసే వార్డే. వెళ్ళి చూసొచ్చాను. సాయంత్రం కాగానే అక్కడ మనుషుల చేతులు మంచం కడ్డీలకి గుడ్డతో కట్టేస్తారు. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆయనకి ఆ గతి పట్టనివ్వను.

మరి తప్పు నాదెలా అయిందంటే, అర్జీ మీద సర్వే చెయ్యడానికి నిధి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వస్తోందని తెలిసి ఆ రోజు తెల్లారకముందే లేచాను. ఆయన పగలగొట్టిన అద్దాన్ని మంచం కిందకి తోశాను. గోడ మీద టీ మరకలు తుడిచాను. ఆయనకి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగాను. నా చేతుల మీద కమిలిన మచ్చలు కనబడకుండా పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకున్నాను. ఇంటికి మనిషి వస్తుంటే ఇల్లు ఇల్లులా ఉండొద్దూ?

ఆ అమ్మాయి పదిన్నరకి వచ్చింది. మా ఆయన లేచి నిలబడి, "రామ్మా, కూర్చో. చలిలో పడి వచ్చావు" అన్నారు. ఇవాళ ఏ వారమని అడిగితే నవ్వేసి, "రిటైరైనవాడికి అన్నీ ఆదివారాలేనమ్మా" అన్నారు. ఆ అమ్మాయీ నవ్వింది. నేనూ, సిగ్గులేనిదాన్ని, మురిసిపోయాను. ముప్పావు గంటలో పని ముగించుకుని వెళ్ళిపోయింది.

కాగితం వచ్చిన రోజే మా ఆడపడుచు కూడా వచ్చింది. సలహాలకి ఆవిడ ఎప్పుడూ ముందుంటుంది, సాయానికే తీరిక ఉండదు.

"ఇంక వార్డులో చేర్పించెయ్ వదినా. ఎన్నాళ్ళని చేస్తావు ఈ చాకిరీ?"

"మళ్ళీ ఆఫీసుకే వెళ్తాను. ఈసారి మీ అన్నయ్యని కూడా తీసుకెళ్తాను. సరిగ్గా నాలుగింటికి."

"అయ్యయ్యో! నలుగురిలో అన్నయ్య పరువు తీస్తావా?"

"పరువు దాచబట్టే ఇంతదాకా వచ్చింది. రోజూ నాలుగింటికి నువ్వు వస్తానని చెప్పు, ఈ క్షణమే మానేస్తాను."

ఆవిడ సంచి సర్దుకుంది. బస్సు టైమైందట.

అలా అన్నానే గానీ, నాకూ మనసు పీకుతూనే ఉంది. మిల్లులో ఆయన క్రేను ఎక్కితే కింద ఎవరికీ భయముండేది కాదట. అలాంటి మనిషిని నలుగురూ నోరెళ్ళబెట్టి చూసేలా చెయ్యబోతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు ఆయనకి చెప్పులు తొడిగాను.

మూడున్నరకల్లా నిధి ఆఫీసులో ఉన్నాం. రెండో అంతస్తులో పొడుగాటి గది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఆఫీసరు నా కాగితం చూశాడు.

"అప్పీలు రాసి ఆ డబ్బాలో వెయ్యండమ్మా. రెండు నెలల్లో కబురొస్తుంది."

"రాయడానికి రాలేదు సార్, చూపించడానికి వచ్చాను. నాలుగింటి దాకా కూర్చుంటాం."

"నాలుగింటికి ఏముంది?"

"మీరే చూద్దురుగాని."

మా ఆయనకి నిన్నటి గడ్డం అలాగే ఉంది. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నారు. ఈసారి నేనేదీ సర్దలేదు. స్వెట్టరూ వేసుకోలేదు.

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుందనగా మా ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద ఆడటం మొదలైంది. లేచి నిలబడ్డారు. "ఇంటికి పోవాలి." ఒక గుమాస్తా తలుపుకి అడ్డం వెళ్ళి, "కూర్చోండి తాతా" అన్నాడు. అంతే! పక్క బల్ల మీది ఫైళ్ళన్నీ నేల మీద పడ్డాయి. "గేటు తియ్యండ్రా దొంగల్లారా!" అని ఆయన అరిచిన అరుపుకి మెట్ల దగ్గరున్న వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఆయన రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

చూడలేకపోయాను. "వదులు! ఇంకోసారి చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు!" అని వాడిని తోసేశాను. ఎదురుగా వెళ్ళకుండా ఆయన పక్కన చేరి, భుజానికి భుజం ఆనించి, "గేటు ఇప్పుడే తీస్తారండీ, అందాకా ఇటు నడుద్దాం" అంటూ గదిలో అటూ ఇటూ తిప్పాను. పది చుట్లు తిరిగేసరికి కాస్త నెమ్మదించారు.

ఆఫీసరు హమ్మయ్య అనుకున్నాడు. "చూశారా? ఎంత బాగా చూసుకుంటున్నారో! ఏ సహాయకుడూ మీలా చెయ్యలేడమ్మా. సర్వేలో సరిగ్గానే రాశారు."

నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. చేతకాకపోతే వార్డు. చేతనైతే నీ చావు నువ్వు చావు. ఏడుపు దిగమింగుకుని, మా ఆయన్ని ఆఫీసరు కుర్చీ దాకా నడిపించుకెళ్ళాను.

"మీ బాత్రూమ్ ఎక్కడ సార్?"

"ఆ మూల. ఎందుకు?"

"ఎందుకేమిటి? బాత్రూమ్‌కి గడియ పెట్టుకుని నాలుగేళ్ళయింది. ఈయన వీధిలోకి వెళ్ళిపోతారని ఇంట్లో తలుపు తీసుకునే కూర్చుంటాను. కాసేపు మీరు చూడండి. ఎదురుగా నిలబడకండి. చెయ్యి పట్టుకోకండి. వద్దు అనే మాట అనకండి."

"అమ్మా, ఆగండి! అమ్మా!"

వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

ముందు మా ఆయన అడుగులు వినిపించాయి. తర్వాత ఆఫీసరు గొంతు. "వద్దు, వద్దు, అటు వద్దు!" కుర్చీ పడింది. "నా చొక్కా! అమ్మా, నా చొక్కా!" ఒక్క ఉదుటున లేచాను. చెయ్యి గడియ దాకా వెళ్ళింది. ఈ చప్పుళ్ళు వినబడితే పరిగెత్తడం తప్ప నా కాళ్ళకి ఇంకోటి తెలియదు. బలవంతాన మళ్ళీ కూర్చుని, "పక్కన నడవండి!" అని లోపలి నుంచే కేక వేశాను.

ఆఫీసరు తలుపు దబదబా బాదాడు. "అమ్మా, బయటికి రండి, మీకు పుణ్యముంటుంది!"

"ఇప్పుడేగా వచ్చాను."

"ఎన్ని గంటలు అడిగారు మీరు?"

"నాలుగు. అర్జీలో ఉంది, చదవలేదా?"

"ఇస్తాం, ఇస్తాం! ముందు రండి!"

"నోటిమాటలొద్దు సార్. రాసి, ముద్ర వేసి, తలుపు కింద నుంచి తొయ్యండి."

బల్ల సొరుగు లాగిన చప్పుడైంది. తర్వాత గుమాస్తా గొంతు వినబడింది. "గేటు ఇప్పుడే తీస్తారు తాతా, అందాకా ఇటు నడుద్దాం." ఫరవాలేదు, నేర్చుకున్నాడు.

కాగితం వచ్చింది. రోజుకి నాలుగు గంటలు, రేపటి నుంచే. ముద్ర తలకిందులుగా పడింది. ఒకటికి రెండుసార్లు చదివి, మొహం కడుక్కుని గడియ తీశాను.

ఆఫీసరు చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. మా ఆయన గుమాస్తా పక్కన నడుస్తున్నారు, చెమటతో తడిసిపోయి. ఆయన్ని ఇంతమందిలో ఇలా నిలబెట్టినందుకు గుండె కలుక్కుమంది. అవసరమైతే రేపు మళ్ళీ తీసుకొస్తాను.

"రోజూ ఇంతేనా అమ్మా?" ఆఫీసరు నెమ్మదిగా అడిగాడు.

"లేదు సార్" అన్నాను. "ఇవాళ చాలా నయం."