ష్టోలెన్ విరగకూడదు

బేకరీ వెనక గుమ్మం దగ్గర ఇల్కా రెండు చేతులూ చాపి నిలబడింది. బేకరీ ఆయన చెక్కపలక తెచ్చి ఆ చేతుల మీద మెల్లగా పెట్టాడు. పలక మీద తెల్లటి గుడ్డలో చుట్టిన ష్టోలెన్. ఈ క్రిస్మస్ రొట్టెకి వెన్న, బాదం, ఎండుద్రాక్ష, నిమ్మతొక్కు అన్నీ ఇంటినుంచి తెచ్చిచ్చినవే. కలిపి కాల్చడం ఆయన పని. పక్కనే నిలబడి కాపలా కాయడం అత్తగారు హిల్‌ట్రూడ్ పని. పసిబిడ్డంత బరువుంది రొట్టె. పలక పొట్టిది కావడంతో ఒక కొస బయటికి పొడుచుకొచ్చింది.

"ఇంకాస్త పొడుగు పలక లేదా?" అంది ఇల్కా.

"పొడుగువన్నీ పొద్దున్నే వెళ్ళిపోయాయమ్మా. జాగ్రత్తగా పట్టుకో, అంతే."

"దానికి జాగ్రత్త నేర్పడానికి నేనున్నాలే," అంది హిల్‌ట్రూడ్, తలకి గుడ్డ బిగించుకుంటూ. "నడువమ్మాయ్. కాళ్ళకేసి చూడకు, ముందుకి చూడు."

కోయకముందే ష్టోలెన్ విరిగితే ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లో ఒకరు పోతారని జర్మనీలో గనుల ఊరైన ఫ్రైబర్గ్‌లో పుట్టినవాళ్ళందరూ వింటూనే పెరుగుతారు. కొందరు నవ్వేస్తారు. హిల్‌ట్రూడ్ నవ్వదు. మామగారు చనిపోయిన ఏడాది ష్టోలెన్ విరిగింది. విరిగినా ఎవరూ పోని ఏడాదులు ఆవిడకి గుర్తుండవు.

ఈసారి ఆవిడ రొమ్ములో గడ్డ ఉంది. వేసవి నుంచీ ఏదో ఒక వంకతో ఆసుపత్రి వాయిదా వేస్తూ వచ్చింది. ఇక ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పాక, కొడుకు ఫాల్క్ బతిమాలగా బతిమాలగా ఒక మాట ఇచ్చింది. "ష్టోలెన్ విరక్కుండా ఇల్లు చేరితే సోమవారం ఆపరేషన్‌కి వస్తాను. విరిగిందా, ఇక నన్నెవరూ అడగొద్దు. ఎలాగూ పోయేదాన్ని కోయించుకుని పోవడమెందుకు?"

అన్న మాట మీద నిలబడే మనిషని ఇల్కాకి తెలుసు. అందుకే పలక ఫాల్క్‌కి కూడా ఇవ్వకుండా తానే పట్టుకుంది.

"వెనక సందులోంచి పోదాం అత్తయ్యా."

"అక్కడ మంచు గడ్డకట్టి ఉంది. అయినా ఇవాళ క్రిస్మస్ మార్కెట్ తెరిచిన రోజు. చూడకుండా ఇంటికి పోతానా? వచ్చే ఏడు చూస్తానో లేదో."

ఇల్కా పలకని ఒంటికి దగ్గరగా లాక్కుని కూడలి వైపు తిరిగింది.

కూడలి అప్పుడే చీకటి పడుతూ దీపాలతో వెలుగుతోంది. చెక్క కొట్ల మధ్య జనం భుజాలు రాసుకుంటూ కదులుతున్నారు. వేయించిన బాదం వాసన, వేడి వైన్ ఆవిరి, తడిసిన ఉన్ని కోట్లు. హిల్‌ట్రూడ్ ప్రతి కొట్టు దగ్గరా ఆగుతోంది. చెక్కబొమ్మల కొట్లో ఒక సైనికుణ్ణి ఎత్తి పట్టుకుని, "వీడి మూతి చూడు, మన ఫాల్క్ పొద్దున్నే లేచినట్టు లేదూ?" అంది.

"ఉంది. పదండి."

"ఆ గదమాయించడమేంటి? చేతులు లాగుతున్నాయా?"

"లేదు. జనం ఎక్కువయ్యారు."

నిజానికి మోచేతుల నుంచి భుజాల దాకా మంటలెత్తుతున్నాయి. బయటికి వచ్చిన కొసకి ఎవరూ తగలకుండా ఇల్కా పక్కవాటుగా నడుస్తోంది.

అంతలో చర్చి వైపు నుంచి గని కార్మికుల బ్యాండు వచ్చింది. దారివ్వడానికి జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఇల్కా ముందున్న లావుపాటాయన కూడా జరిగాడు. ఆయన మోచెయ్యి పలక దాటి ఉన్న కొస మీద బరువుగా ఆనింది.

చప్పుడు వినపడలేదు. గుడ్డ కింద రొట్టె కొస ఒక్కసారిగా వంగడం మాత్రం ఆమె వేళ్ళకి తెలిసింది.

"క్షమించమ్మా," అన్నాడాయన.

"ఏమైంది?" హిల్‌ట్రూడ్ వెనక్కి తిరిగింది.

"ఏం లేదు. కాలు తొక్కారు." ఇల్కా అరచేతిని కొస కిందికి జరిపి పైకి నొక్కి పట్టుకుంది. చెయ్యి తీస్తే గుడ్డ వేలాడిపోతుంది. ఇంటికి చేరాక అత్తగారు మొదట చేసే పని గుడ్డ విప్పడమే.

"మొహం అలా పాలిపోయిందేం? రా, రూడిగర్ దగ్గర కాస్త ఆగుదాం."

రూడిగర్ వీళ్ళ వీధివాడే, సాసేజీలు కాలుస్తాడు. కొట్టు ముందు నిలబడి తినే ఎత్తు బల్ల ఉంది.

"దించు దాన్ని. ఇటివ్వు, నేను దించుతా."

"వద్దత్తయ్యా, నేనే." ఇల్కా పలకని బల్ల మీదికి జరిపింది, కొస కింద బల్ల వచ్చేదాకా చెయ్యి తియ్యకుండా.

"పైన చల్లిన పంచదార చెమ్మగిల్లిందేమో చూస్తాను," అంటూ హిల్‌ట్రూడ్ చేతికున్న తొడుగు లాగుతోంది.

"రూడిగర్ అన్నా, ఒకసారి ఆ కత్తి ఇస్తావా?"

రూడిగర్ గుడ్డనీ కత్తినీ మార్చి మార్చి చూశాడు. "ఆదివారం అడ్వెంట్ దీపం వెలిగించి పండగ మొదలుపెట్టకుండా ష్టోలెన్ కోస్తావా? మీ అత్తగారు నిన్ను నా పెనం మీద వేస్తారు."

"ఇవ్వన్నా."

గుడ్డ పూర్తిగా విప్పకుండానే, వేళ్ళకి తగిలిన పగులు మీదే కత్తి పెట్టి గట్టిగా కిందికి దింపింది. తర్వాత గుడ్డ తీసింది. పంచదారపొడి బల్లంతా రాలింది. రొట్టె రెండు ముక్కలుగా పడుంది.

హిల్‌ట్రూడ్ తొడుగు సగం లాగిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎవరు కోయమన్నారు నిన్ను?"

"ఆకలేసింది."

"ఆకలి. సాసేజీల కొట్టు ముందు నిలబడి, నీకు ష్టోలెన్ ఆకలి వేసింది."

"అవును."

హిల్‌ట్రూడ్ చిన్నముక్క చేతిలోకి తీసుకుంది. కోసిన వైపు తిప్పి చూసింది. పైభాగం నున్నగా ఉంది. అడుగున పెచ్చు చీరుకుని, ఒక ఎండుద్రాక్ష సాగి వేలాడుతోంది. బొటనవేలితో ఆ చోటు తడిమింది.

"నీ కత్తికి పళ్ళున్నాయా రూడిగర్?"

"లేవండి. నిన్ననే సానపెట్టించాను."

ఇల్కా బల్ల అంచు పట్టుకుంది. బ్యాండు కూడలి దాటి వెళ్ళిపోతోంది. అత్తగారు తల ఎత్తి తన మొహంలోకి చూస్తున్నా ఇల్కా కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకుంటే అయిపోయినట్టే.

"కోశావు కదూ?" అంది హిల్‌ట్రూడ్ చివరికి.

"కోశాను. మీ కళ్ళముందే."

"ఊఁ. నేనూ చూశాను. రూడిగర్ కూడా చూశాడు." ఆవిడ వేలాడుతున్న ఎండుద్రాక్షని తెంపి నోట్లో వేసుకుంది. తర్వాత అంచు నుంచి కాస్త కొరికి చాలాసేపు నమిలింది. "నిమ్మతొక్కు ఎక్కువైంది. నేను పక్కనే నిలబడ్డా వేసేశాడు ఆ బేకరీవాడు, దొంగ." రొట్టెని మళ్ళీ గుడ్డలో చుట్టి, కొసలు రెండూ గట్టిగా ముడివేసింది. "ఆచారం లేని కోడల్ని తెచ్చిపెట్టాడు నా కొడుకు. నేను కళ్ళు మూస్తే క్రిస్మస్ బాతుని పండక్కి ముందే వండి పెడతావు నువ్వు."

"వండుతాను."

"వండుతావు. తెలుసు." హిల్‌ట్రూడ్ జనం మీదుగా అవతలి వరసకేసి చూసింది. "ఆ ఉన్నిచెప్పుల కొట్టు ఇంకా అక్కడే ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"ఆసుపత్రి గచ్చు చల్లగా ఉంటుందట, పక్కింటావిడ చెప్పింది. ఎర్రవి వద్దు, బూడిదరంగువి చూడు. మడమ దగ్గర గట్టిగా ఉండాలి." రెండు అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "కోసేసిన రొట్టె ఇంకా ఆ పలక మీదెందుకు? చంకలో పెట్టుకో."