బొట్టు పెట్టిన డిస్క్

దసరా సెలవులకు ముందు చేయాల్సిన పనులు కాగితం మీద రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను.

సర్వర్‌కు అప్‌డేట్లు వేయాలి.
అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. ఆఫీసులో అందరికీ తెలిసింది పాస్‌వర్డ్ కాదు.
ఇంటి నుంచి సర్వర్‌లోకి వచ్చే రిమోట్ దారి మూసేయాలి.
పాఠాలన్నీ బ్యాకప్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఏదో ఒకటి తెరిచి విని చూడాలి. ఆ తర్వాత డిస్క్ తీగ పీకి బీరువాలో పెట్టి తాళం వేయాలి.
సర్వర్ మీద దుమ్ము తుడవాలి.
బంతిపూలు, నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయ తేవాలి.

చివరిది నేను అనుకున్నది కాదు. మా ఆఫీసు అటెండర్ కనకయ్య కాక పక్కన నిలబడి రాయించాడు.

మా ఆఫీసు హైదరాబాద్‌లో, మైత్రీవనం వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంటుంది. చూపులేని విద్యార్థులు గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి పాఠాలు రికార్డు చేసి ఫోన్లలో వినిపించే చిన్న సంస్థ. ఆ రికార్డింగులన్నీ ఉండే సర్వర్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. అమ్మ ఎర్రగడ్డ రైతు బజార్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. సర్వర్ అంటే ఏందని ఒకసారి అడిగితే చెప్పాను.

"అంటే అందరి బియ్యం ఒక్క గోనెల వోసిండ్రా? ఎలుక వడితె?" అంది.

"ఇంకో గోనె దాచిపెడ్తమమ్మా. దాన్నే బ్యాకప్ అంటరు."

ఆ గోనెల్లో ఉన్నది ఎక్కువగా స్వరాజ్యం టీచర్ గొంతు. రిటైరైన భూగోళం టీచర్. శ్రీనగర్ కాలనీ నుంచి బస్సులో వచ్చి, ఏళ్ల తరబడి పాఠాలు చదివి రికార్డు చేసింది. పుస్తకంలోని అక్షరాలను ఇప్పుడు ఫోనే చదివేస్తుంది. కానీ మ్యాపు రాగానే "చిత్రం" అని ముందుకు పోతుంది. టీచర్ పోనిచ్చేది కాదు. "బొమ్మ దగ్గరికొచ్చినం. ఎడమ అరచెయ్యి తెరువు బిడ్డా" అనేది. వేలుతో ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు జరపాలో, ఎక్కడ నొక్కాలో చెప్పేది. మన దేశం, కొండలు, నదులు, రైలు దారులు, అన్నీ పిల్లల అరచేతుల్లోకి అలాగే వచ్చాయి.

మొన్న ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. పంజాగుట్టలో ఆసుపత్రిలో ఉంచారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఇక కొత్త రికార్డింగు ఉండదు. ఉన్నదే ఉండాలి. పుస్తకాలు అచ్చువేసినవాళ్లు వినడానికే తప్ప దించుకోవడానికి ఒప్పుకోలేదు కాబట్టి పాఠాలు ఎవరి ఫోన్‌లోనూ ఉండవు. వేరే చోట మూడో కాపీ పెడదామని మా మేడం అరుణాదేవి గారిని అడిగాను. వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఆయుధ పూజ రోజుకు డిస్క్‌ను బీరువాలో పెట్టేశాను. కనకయ్య కాక సర్వర్‌కు దండ వేసి, కాసేపు దాని వంకే చూశాడు.

"బిడ్డా, టీచరమ్మ గొంతు ఇంకో డబ్బల సుత ఉన్నదంటివి గద. గది యాడుంది?"

"బీరువల ఉంది కాకా. గది అట్లనే ఉండాలె."

"పెద్దదానికి దండేసి చిన్నదాన్ని చీకట్ల పెడ్తమా? తే."

తెచ్చాను. ఆయన దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి ముట్టించబోయి ఆగాడు.

"దీనికి లైట్ వెలుగుతలేదేంది?"

"తీగ పెడితేనే వెలుగుతది."

"మరి పెట్టు. పానం లేనిదానికి ఎవలన్న పూజ జేస్తరా? ఆటోవాళ్లు సుత స్టార్ట్ జేసినంకనే నిమ్మకాయ తొక్కిస్తరు."

మేడం నవ్వారు. ఆమె విజయవాడ బండికి వెళ్లే తొందరలో ఉన్నారు. "పెట్టు సంగీతా, పెద్దాయన సరదా."

తీగ పెట్టాను. నీలం దీపం వెలిగింది. కాక హారతి ఇచ్చి, రెండు చేతులు జోడించి, "టీచరమ్మకు మాట రావాలె తల్లీ" అన్నాడు. అది విని నాకూ చేతులు జోడించాలనిపించింది. జోడించాను. తర్వాత తీగ పీకబోతే కాక నా చేయి పట్టుకున్నాడు.

"బొట్టు వెట్టినంక పండుగ దాటేదాంక కదిలియ్యద్దు. కీడు."

"కాకా, ఇది తీగకు ఉంటేనే కీడు. సర్వర్ల దొంగ పడితె దీంట్ల సుత పడ్తడు."

"సెలవుల్లో ఆఫీసుకి ఎవరొస్తారు సంగీతా?" అన్నారు మేడం.

"వాళ్లు తలుపు నుంచి రారు మేడం. మీ రిమోట్ దారి ఒక్కటైనా మూసేస్తా."

"ఏంటి నువ్వు, అక్కడ్నుంచి నేను పని చేసుకోవద్దా? పాస్‌వర్డ్ కూడా మార్చకు. కొత్తవి నాకు గుర్తుండవు. వచ్చాక నీ ఇష్టం."

ఒకరు జీతం ఇచ్చే మనిషి. ఒకరు తండ్రి వయసున్న మనిషి. ఇద్దరి మాటా కాదనడం మా ఇంట్లో నేర్పలేదు. తలుపు తాళం మాత్రం గట్టిగా లాగి చూసుకుని వచ్చాను.

పండుగ తెల్లారి ముందుగా ఫోన్ చేసింది రాఘవేందర్. పుట్టుకతో చూపు లేదు. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కు చదువుతున్నాడు.

"అక్కా, టీచర్ పలుకుతలేదు."

"నెట్ చూస్కున్నవా తమ్మీ?"

"నెట్ ఉన్నదక్కా. ఫోన్ల వేరేవన్నీ వస్తున్నయ్. టీచరే వస్తలేదు."

ఆఫీసుకు పరిగెత్తాను. సర్వర్ మీద బంతిపూలు వాడి ఉన్నాయి. ప్రతి ఫైలు పేరు చివరా నేనెన్నడూ చూడని అక్షరాలు తగిలించి ఉన్నాయి. మధ్యలో ఒక ఇంగ్లీషు ఉత్తరం: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, విడిపించుకోవాలంటే ఈ అడ్రసుకు రాయండి అని. నెట్‌వర్క్ తీగ లాగేసి డిస్క్ తెరిచాను. అదీ అంతే. దాని నీలం దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

సైబర్ క్రైమ్ వాళ్లకు ఫిర్యాదు ఇచ్చాం. దొంగ వచ్చింది రిమోట్ దారిలోనే, ఆ పాత పాస్‌వర్డ్‌తోనే అని తేలింది. అలాంటి తాళాలకు నెట్‌లో ఉచితంగా దొరికే తాళంచెవులన్నీ వెతికాను, దీనికి సరిపోయేది లేదు. మేడం ఆ అడ్రసుకు మెయిల్ రాస్తే తిరిగొచ్చింది. పాడైన డిస్కులు బాగుచేసే అమ్జద్ భాయ్ దుకాణం కింద సందులోనే ఉంది. ఆయన చాలాసేపు చూసి డిస్క్ నా చేతికిచ్చాడు.

"ఖరాబ్ కాలే దీదీ. అయ్యుంటె మంచిగుండు, ఏమన్న చేసేటోన్ని. డిస్క్ మస్తుగుంది. చాబీయే లేదు."

నేను పైకి వచ్చేసరికి కనకయ్య కాక తడిగుడ్డ పట్టుకుని ఉన్నాడు. డిస్క్ తీసుకుని బొట్టు తుడవడం మొదలుపెట్టాడు.

"నేను కదిలియ్యద్దన్నందుకేనా బిడ్డా?"

"కాదు కాకా. ఎట్లయినా అయ్యేది."

"నీకు అబద్ధమాడ రాదు" అన్నాడు. పసుపు పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

పరీక్ష దగ్గరపడుతోంది. టీచర్‌ను ఒకసారి చూసొద్దామని రాఘవేందర్ అడిగాడు. ఇద్దరం శ్రీనగర్ కాలనీ వెళ్లాం. తలుపు తీసింది టీచర్ కోడలు అనుపమ.

"మంచిగొచ్చిండ్రు. నేనే ఫోన్ చేద్దామనుకుంటున్న. అత్తమ్మ రోజు పొద్దుగాల ఆమె పాఠాలే వింటది. వింటనే పెదవులు కదుపుతది. మాటలు నేర్పే ఆమె సుత, అట్లనే విననీయుండ్రి, సొంత గొంతు వెంబడి మాట వస్తదేమో అన్నది. పండుగ నుంచి వస్తలేవు. ఎప్పుడు బాగైతది సంగీతా?"

సర్వర్ చూసుకునేవాళ్లు అందరికీ చెప్పే మాట ఒకటుంటుంది, చూస్తున్నాం అని. అది నా నోటిదాకా వచ్చింది. టీచర్ మంచం మీద ఆనుకుని కూర్చుని నా వంకే చూస్తోంది.

"రావు అనుపమక్కా. పోయినయ్. రెండు కాపీలూ పోయినయ్" అన్నాను.

టీచర్ కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. రాఘవేందర్ మంచం తడుముకుంటూ వచ్చి కింద కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"టీచర్, నేను చెప్త. తప్పైతె కొట్టుండ్రి. మన రాష్ట్రం. చూపుడువేలు మొదట్ల గోదావరి లోపలికొస్తది. వేళ్ల మొదళ్ల వెంబడి పోతది. చిటికెన వేలు కిందికి దిగి, చెయ్యి అంచుకు భద్రాచలం. కింద మణికట్టు గీత కృష్ణ. నడుమ గుంట హైదరాబాద్." అక్కడ ఆగాడు. వేలు అరచేతి గుంటలోనే తిరుగుతోంది. "మూసీ... అక్కా, మూసీ ఎట్ల చెప్పింది టీచర్?"

"హైదరాబాద్ దాటి పోయి కృష్ణలో కలుస్తది తమ్మీ."

"అది పుస్తకంల ఉన్నదక్కా. వేలు ఎట్ల పోవాల్నో అడుగుతున్న."

నాకు తెలియదు. ఆ పాఠం నేను కాపీ చేశాను, సైజు సరిచూశాను, ఏదో ఒకటి వినాలి కాబట్టి వేరేది విన్నాను.

టీచర్ పనిచేసే చెయ్యి, ఎడమది, మెల్లగా పైకి లేచింది. వేలు అతని అరచేతి గుంటలో ఆనింది. నోరు తెరిచింది. ఒక శబ్దం వచ్చింది, అందులో మాట లేదు. వేలు అక్కడినుంచి కదల్లేదు. రాఘవేందర్ చెయ్యి అలాగే పట్టుకుని చాలాసేపు ఆగాడు. ఆమె అలిసిపోయాక, అనుపమ ఆ చేతిని తీసి దుప్పటి మీద పెట్టింది.

ఇప్పుడు మా ఆఫీసులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. రిమోట్ దారి మూసేశాం. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంది, ఇద్దరికే తెలుసు. మూడో కాపీకి మేడం నేను అడగకుండానే ఒప్పుకున్నారు. డిస్క్ తీగ లేకుండా బీరువాలో ఉంది, తాళంచెవి కనకయ్య కాక మొలతాడుకు కట్టుకున్నాడు. అందులో కాపాడుకునేది ఏమీ లేదు. పరీక్షలో మ్యాపు ప్రశ్న వదిలేశానని రాఘవేందర్ చెప్పాడు.

ఇది చదివాక మీరు మీ బ్యాకప్ తీగ పీకితే మంచిదే. కానీ నేను రాసింది అందుకు కాదు. స్వరాజ్యం టీచర్ అని శ్రీనగర్ కాలనీలో ఒకామె ఉంది. చూడలేని పిల్లలకు ఈ నేలనంతా అరచేతిలో పెట్టింది. ఆ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు, ఆమె దగ్గర కూడా లేదు. ఎప్పుడన్నా మీ ఎడమ అరచెయ్యి తెరిచినప్పుడు, దయచేసి ఆమెను జ్ఞాపకం చేసుకోండి.