ఇటు తిరగని మనిషి

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళలో మెడకు వేలాడే బరువైన జాతి కాదు. మిర్రర్‌లెస్ అంటారే, ఆ చిన్న రకం. చేతిసంచిలో కళ్ళజోడు పెట్టె పక్కన ఒదిగిపోతాను. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో మూతికి గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు నన్ను బిగించి, పరీక్షించి, మూత పెట్టి పంపేశారు. మళ్ళీ వెలుతురు చూసింది కడపలో, మస్తాన్ గారి దుకాణంలో.

మా జాతికి సొంత చూపు ఉండదు. ఏ లెన్సు తగిలిస్తే అదే మా కన్ను. అందుకే కొనేవాళ్ళు నన్ను చిటికెలో ఎంచుకుని, లెన్సు దగ్గర మాత్రం గంటలు తటపటాయిస్తారు. హైమావతి కూడా అంతే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఊరి బయట ఇంజనీరింగు కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరిన మనిషి. నలభైకి దగ్గర పడింది. రోజూ వెంట ఉంచుకోవడానికి ఏదైనా చిన్నది కావాలని అడిగింది.

మస్తాన్ గారు నా పక్కన రెండు లెన్సులు పెట్టారు. ఒకటి బొటనవేలంత పొట్టిది. జూమ్ ఉండదు. రెండోది సొరకాయలా పొడుగాటిది.

"రోజూ సంచిలో ఏసుకోని తిరిగేదానికి ఈ పొట్టిది చాలు మేడం. కాకుంటే మనిషిని తీయాలంటే మనిషి దగ్గరికి పోవాల."

హైమావతి పొట్టి లెన్సును ఇటూ అటూ తిప్పి చూసి, కింద పెట్టేసింది.

"దూరం నుంచి తీసేదే ఇవ్వండి."

అలా నా బుల్లి ఒంటికి ఆ సొరకాయ వచ్చి తగిలింది. వెంట తీసుకెళ్ళడానికి వీలుగా ఉందని నన్ను కొన్నారు. వెంట తీసుకెళ్ళడానికి వీల్లేని లెన్సు నాకు పెట్టారు. మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి. నేను సంచిలోకి ఎక్కనే లేదు. ఆమె అద్దెకుంటున్న మేడగది కిటికీ దగ్గరే నా కాపురం.

సాయంత్రం కాలేజీ నుంచి రాగానే టీ కాచుకుని నన్ను అందుకునేది. వీధికి అవతల మేడ మీద ఒక పెద్దావిడ ఉండేది. మిరప కుండీలకు నీళ్ళు పోసి, నేల మీద సుద్దతో గళ్ళు గీసి, పులిమేక ఆడుకునేది. పులీ తనే, మేకలూ తనే. ఎదురుగా ఒక పీట వేసి ఉండేది, దాని మీద ఎవరూ ఉండరు. నా కంటికి ఆవిడ వేళ్ళకున్న సుద్దపొడి కూడా కనిపించేది. ఎత్తు వేశాక ఆవిడ అవతలి వైపు ఆలోచన కోసం ఆగేది. ఆ ఆగడంలో హైమావతి బటన్ నొక్కేది. చప్పుడు వినిపించనంత దూరం మాది.

ఆవిడ పేరు తెలియదు. ఏ వైపు మెట్లున్నాయో తెలియదు. కానీ ఆవిడ పమిట ఏ భుజాన చిరిగిందో తెలుసు. "ఇవాళ పులికి దారి మూసుకుపోయిందండీ," అని కిటికీ దగ్గర హైమావతి మెల్లగా అనేది. నాతో అంటోందనుకునేదాన్ని. కాదు, ఆవిడతో అనేది.

ఎండాకాలం ముదిరాక ఒకరోజు ఆవిడ పైకి రాలేదు. మర్నాడూ రాలేదు. గళ్ళ మీద ఎండుటాకులు పడ్డాయి. మిరప మొక్కలు తలలు వాల్చడం నా కంటికి స్పష్టంగా కనిపించింది. హైమావతి చెప్పులు వేసుకుని మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. ఏమని అడుగుతుంది? ఆవిడ మీకెలా తెలుసు అంటే ఏం చెబుతుంది? మరో రోజు వీధి సగం దాటి, కొట్లో సబ్బు కొనుక్కుని తిరిగొచ్చింది. సబ్బు అవసరం ఆమెకు లేదు.

చివరికి ఎదురింటి ముందు షామియానా వేస్తుంటే వెళ్ళింది. నన్నూ పట్టుకెళ్ళింది, ఎందుకో ఆమెకే తెలియదు.

పోయినావిడ పేరు గంగరత్నమ్మ అని అప్పుడు తెలిసింది. ఒకప్పుడు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదట. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు నా వైపు చూసి, "మేడం, అత్త ఫోటో ఏమన్నా ఉందా మీ దగ్గర? పెద్దకర్మకు పటం కట్టించాల," అన్నాడు.

హైమావతి నా వెనక తెర వెలిగించి ఒక్కొక్కటే చూపించింది. కుండీల మీదికి వంగిన వీపు. జడ. చెంప అంచు. గళ్ళ మీద చెయ్యి. వందల ఫోటోలు, ఒక్కదాంట్లోనూ మొహం లేదు. ఆ అబ్బాయి మర్యాదగా, "పర్లేదు మేడం, ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తాంలే," అని వెళ్ళిపోయాడు.

మెట్ల మీద కూర్చున్న పనిమనిషి ఓబులమ్మ అప్పుడు తలెత్తింది.

"ఎదురు కిటికీలో ఫోటోలు తీసేది నువ్వేనా?"

హైమావతి నా తెర ఆర్పేసింది.

"అమ్మకు తెల్సు. నీ అద్దం పొద్దుగూకే ఎండకు తళుక్కుమంటా ఉండె గదా. 'ఓబులా, ఆ పిల్ల వచ్చే పొద్దాయె, పచ్చ చీర తీ' అంటా ఉండె."

"మరి... ఒక్కసారైనా ఇటు తిరగలేదేం?"

"తిరిగితే నువ్వు సిగ్గుపడి లోపలికి పోతావని. 'అది పిట్ట మాదిరి, తలకాయ తిప్పినామంటే ఎగిరిపోతాది' అనె. ఎప్పుడన్నా పైకి వస్తాదేమో అని పీట కూడా ఏపిస్తా ఉండె. ఆస్పత్రిలో వారం ఉండె తల్లీ. ఎవురూ రాలా."

హైమావతి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఆమె చేతుల్లో నేను ఉన్నాను. ఇన్నాళ్ళూ అంత దూరాన్ని నేనే దగ్గర చేశాననుకున్నాను. రెండు మేడల మధ్య వీధి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆ వారమే మస్తాన్ గారి దుకాణానికి వెళ్ళాం. ఆయన సొరకాయను విప్పి పక్కన పెట్టి, పొట్టి లెన్సు తగిలించారు. ఏమీ అడగలేదు. లోకం ఒక్కసారిగా వెనక్కి జరిగిపోయింది. ఏం చూడాలన్నా ఇక నడవాల్సిందే.

పెద్దకర్మ అయిపోయి, ఇంటికి తాళం పడే రోజు ఓబులమ్మ గిన్నెల మూట కట్టుకుంటోంది. ఇక వేరే వీధిలో పని చూసుకుంటుందట. హైమావతి వాకిలి దాటి ఆమె దగ్గరికి నడిచింది.

"ఓబులమ్మా, నీ ఫోటో ఒకటి తియ్యనా?"

"నాదెందుకు తల్లీ?"

"నా దగ్గర ఉంచుకుందామని."

ఓబులమ్మ మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుని నా ఎదుట నిలబడింది. ఎంత దగ్గరంటే ఆమె ఊపిరి నా గాజుకు తగిలింది. అంతవరకూ నా గాజులోకి సూటిగా ఎవరూ చూడలేదు. ఓబులమ్మ చూసింది. నవ్వలేదు, సర్దుకోలేదు, ఉత్తినే చూసింది. హైమావతి నన్ను కంటి ముందు నుంచి కొంచెం దించి, తనూ ఆమెను సూటిగా చూస్తూనే బటన్ నొక్కింది.

ఫోటో కదిలిపోయింది. కళ్ళు రెండు మరకల్లా వచ్చాయి. అది ఇప్పటికీ నాలోనే ఉంది. హైమావతి దాన్ని తుడిపెయ్యలేదు.