ఈస్ట్ పాఠం

సీసాలో ఈస్ట్ కలిపిన పంచదార నీళ్లు నిన్ననే మసకబారాయి. ల్యాబ్ అటెండరు దాన్ని మెల్లగా బల్ల మీదికి తెచ్చి, బిరడాలోంచి వచ్చే గాజు గొట్టం కొసను సున్నపు తేటలో ముంచాడు. ఏళ్ల తరబడి ఆమ్లాలు తగిలి అతని వేళ్ల చివరలు పసుపెక్కాయి, గోళ్లు పెళుసుబారాయి. నురగ ఎక్కి గొట్టం పూడుకుపోయిందని అతను గమనించలేదు. బుడగలు రాలేదు.

"వాసన చూసి చెప్పవయ్యా, అయిందో లేదో," అన్నాడు కెమిస్ట్రీ మాస్టారు. ఏటా ఈ పాఠం రోజున అదే మాట. "మా అందరికంటే నీ ముక్కు సీనియరు."

పిల్లలు నవ్వారు. అటెండరూ నవ్వాడు, నవ్వకపోతే అది ఇంకొంచెం సాగుతుంది. వంగి బిరడా లాగాడు. లోపల బిగిసిన గాలి ఒక్కసారిగా తన్నుకొచ్చి, పులిసిన నురగ మెడ మీద, చొక్కా మీద చిమ్మింది.

"పాత స్నేహం కదా, మీదపడి కౌగిలించుకుంది," అని మాస్టారు పాఠంలోకి వెళ్లాడు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. ఆల్కహాలు పెరిగిపోతే ఆ ఈస్టే అందులో చచ్చిపోతుంది.

"చచ్చిపోతానని దానికి తెలీదా సార్?" ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"ఆయన్నడుగు."

కుళాయి కింద ఎంత ఉతికినా చొక్కాకు పట్టిన కల్లు వాసన పోలేదు. మనవరాలు పుట్టినప్పటినుంచి అతను చుక్క ముట్టలేదు. అయినా రోజూ సాయంత్రం కూతురు గుమ్మంలోనే నిలబెట్టి ఊదమంటుంది. ఆ షరతు మీదే ఆ ఇంటి వసారాలో అతనికి మంచం. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. ప్రతి మాటా ఎప్పుడో ఒకసారి అబద్ధంగా వాడేసిందే.

"ఊదు నాన్నా."

ఊదాడు. ఆమె ముఖం తేటపడింది. అంతలో చొక్కా వాసన తగిలింది.

"బళ్లో ప్రయోగమమ్మా. సీసా పొంగి మీద పడింది."

"అమ్మకైతే దగ్గు మందు ఒలికిందని చెప్పేవాడివి."

"మాస్టారికి ఫోన్ చెయ్యి తల్లీ. ఆయనే చెప్తాడు."

చేసింది. అవతల మాస్టారు గట్టిగా నవ్వడం అతనికీ వినిపించింది. "మీ నాన్నా? ఇవాళ క్లాసులోనే మొదలెట్టేశాడమ్మా." ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే పెట్టేసింది.

అరవలేదు. బట్టల సంచి తెచ్చి గడప బయట పెట్టి తలుపు వేసింది.

వీధి మలుపులో అతను ఆగాడు. తడి కాలరు నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చాడు. తర్వాత మందు దుకాణం ఉన్న వీధిలోకి, దారి అడగనవసరం లేనివాడిలా నడిచాడు.

స్నానాల గదిలో, గ్లాసులో, మనవరాలి బుల్లి బ్రష్షుకు ఆనుకుని అతని బ్రష్షు ఉండిపోయింది, కుచ్చు విచ్చుకుపోయి.